ఇంటి పెద్దతో సంబంధం

క్రీడా మండలి కార్యాలయం, రెండో అంతస్తు
జూలై 4

చెల్లికి,

జవాబు ఆలస్యమైందని అలగకు. ఇది ఫారాల నెల అని నీకు తెలుసు. రాష్ట్రంలో ఏ హైస్కూలు పిల్ల ఏ ఆట ఆడాలన్నా ముందు ఫారం ఇక్కడికి రావాలి, ముద్ర పడాలి, ఆ తర్వాతే మైదానంలో అడుగు పెట్టాలి. ఆరొందల స్కూళ్ళు. వయసు పత్రం ఉందా, డాక్టరు సంతకం ఉందా, పోయినేడు ఒక స్కూల్లో ఆడి ఈ ఏడు ఇంకో స్కూల్లో తేలిందా అని చూసుకుంటూ కూర్చునేసరికి తల ప్రాణం తోకకొస్తోంది. ఇది కాక పిల్లల సంఖ్యని బట్టి స్కూళ్ళని నాలుగు తరగతులుగా విడదీయాలి. నిన్న మీ బావ మంచినీళ్ళడిగితే ఫారం నింపారా అన్నానట. ఆయన చెప్పేవన్నీ నమ్మకు.

కొత్తగా ఒక గుమాస్తా వచ్చారు. సైన్యంలో పనిచేసి రిటైరైనాయన. మనిషికంటే ముందు మీసాలు గదిలోకి వస్తాయి. మీ స్కూలు ఫారాలు ఆయనే చూస్తున్నారు. నీ స్కూలు కాగితాలు నేను ముట్టుకోనని నీకు తెలిసిందే, తోడబుట్టినదానివి కనుక.

పదిహేనింటిలో పద్నాలుగు బాగున్నాయట. పదిహేనోది ఆయన వెనక్కి పంపుతున్నారు. ఎనిమిదొందల మీటర్లు పరిగెత్తే పిల్లది. ‘ఇంటి పెద్దతో సంబంధం’ అన్న గడి ఖాళీగా ఉందిట. ఖాళీ గడి ఉన్న ఫారం ఈ గది దాటదని ఇరవై తొమ్మిదేళ్ళుగా రాష్ట్రమంతా నన్ను తిట్టుకుంటోంది. నా చెల్లెలి దగ్గరే ఖాళీ గడి వచ్చిందంటే మీసాలాయన ముందు నా పరువేం కావాలి?

అయినా ఎవరే ఈ పిల్ల? గడియారంతో సహా నీ స్కూల్లో ఉన్న ప్రతి వస్తువు గురించీ రాస్తావు, ఈ పిల్ల గురించి ఒక్క ముక్క రాయలేదు.

చెవులు మెలిపెట్టే,
అక్క


హైస్కూలు, ఆటసామాన్ల గది
జూలై 10

అక్కకి,

చిన్నప్పుడు నా లెక్కల పుస్తకంలో జాగా వదిలితే చెవి మెలిపెట్టేదానివి. ఇప్పుడు ఆరొందల స్కూళ్ళ చెవులు నీ చేతికి దొరికాయి. నీకేం, అదృష్టవంతురాలివి.

గడి నింపాను. విడిగా పంపితే మళ్ళీ హెడ్మిస్ట్రెస్ సంతకం, ఆవకజావకల పుస్తకం, రెండ్రోజులు. అందుకని ఫారం ఈ ఉత్తరంలోనే మడిచి పెడుతున్నాను. మీసాలాయన చేతికిచ్చెయ్యి. నువ్వు ముట్టుకోకూడదుగా, కవరుతో సహా ఇచ్చెయ్యి.

పిల్ల తొమ్మిదో తరగతి. ఎండుపుల్లలా ఉంటుంది. నడిచేటప్పుడు కూడా ఎగురుతున్నట్టు నడుస్తుందని మేం మిడత అంటాం. మొదటి చుట్టు అందరికంటే వెనకాల, దిక్కులు చూస్తూ పరిగెడుతుంది. రెండో చుట్టు సగంలో దానికి ఏదో గుర్తుకొచ్చినట్టు తల వంచుతుంది. అంతే, మిగతావాళ్ళు నిలబడిపోయినట్టు కనిపిస్తారు. మొన్న రెండు నిమిషాల ఇరవై సెకన్లలో ముగించింది. నా వాచీ పాడైందనుకుని సైన్సు టీచరు వాచీ అడిగి మళ్ళీ పరిగెత్తించాను. ఈసారి ఇంకో సెకను తగ్గింది. పిల్లలు తక్కువుండే మా నాలుగో తరగతి స్కూళ్ళలో ఇలాంటి పిల్ల ఇరవై రెండేళ్ళ నా ఉద్యోగంలో తగల్లేదు. రాష్ట్రస్థాయి దాకా వెళ్తుంది అక్కా. నాకు కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

ఇంకేం లేవు విశేషాలు. వెనక గదికి కొత్త తెర కుట్టాను. ఇంకో మంచం వేశాను, గది బోసిగా ఉందని. ఈ మధ్య నిద్ర బాగా పడుతోంది, పొద్దున్న ఎవరో ఒకరు లేపితే గానీ లేవడం లేదు.

బావగారికి మంచినీళ్ళు ఇవ్వు.

చెల్లి


ఇల్లు, వంటింటి బల్ల
జూలై 15

చెల్లికి,

ఇది ఆఫీసులో కూర్చుని రాస్తున్నది కాదు. ఆఫీసులో రాయలేకపోయాను.

నీ కవరు విప్పి, నీ ఉత్తరం చదువుకుని, నవ్వుకుంటూ జవాబు రాద్దామని కొత్త కవరు తీశాను. పైన నీ చిరునామా రాస్తున్నాను. వీధి పేరు రాశాను, తలుపు నంబరు రాశాను. పక్కన, ఉత్తరంతో పాటు మడత విప్పిన నీ ఫారం తెరిచి ఉంది. అందులో అదే వీధి. అదే తలుపు నంబరు. ఆ చిరునామాకి నేను పన్నెండేళ్ళుగా నెలకో ఉత్తరం రాస్తున్నాను. మీసాలాయనకి అది ఉత్త చిరునామా. నాకు కాదు.

కింద గడిలో నీ గుండ్రటి అక్షరాలు. ‘బంధువు’.

ఎవరికి బంధువు? తోబుట్టువులం మనమిద్దరమే. నాకు కూతురు లేదని నాకు తెలుసు. నీకు లేదని నీకు తెలుసు. పదిహేడో నిబంధన నీకు నేను వల్లించక్కర్లేదు. ఆటలు నేర్పే మాస్టర్ల ఇంట్లో, టీచర్ల ఇంట్లో ఉండే పిల్లలు వాళ్ళ స్కూలు తరఫున ఆడకూడదు. కన్నపిల్లలకీ, తోబుట్టువుల పిల్లలకీ మాత్రమే మినహాయింపు. ఆ నిబంధన ఎవరు రాయించారో గుర్తుందా? మీ రిలే జట్టుని ఓడించిన పెద్దస్కూలు మాస్టారు, ఊరూరా తిరిగి పిల్లల్ని ఏరుకొచ్చి తన పెరట్లో రేకుల షెడ్డులో పదకొండు మందిని కుక్కి పెట్టాడని ఏడ్చుకుంటూ నాకు రాసింది నువ్వే. ఆ ఉత్తరం పెట్టుకుని ఆ వాక్యం రాసింది నేను. పంతొమ్మిదేళ్ళయింది.

నువ్వు అబద్ధం రాశావు. సరే, దానికి శిక్ష ఏదో మండలి వేస్తుంది. నా బాధ అది కాదే. నువ్వు ఒంటరిగా ఉంటావని, ఒంట్లో బాగా లేకపోతే గ్లాసు అందించేవాళ్ళుండరని ఇన్నేళ్ళు దిగులుపడ్డాను. నీ ఇంట్లో రెండో మంచం ఎవరికోసమో నాకు ఒక ఫారం చెప్పాలా? నువ్వు చెప్పలేవా?

శుక్రవారం మండలికి రాతపూర్వకంగా తెలియజేస్తాను, ఇది నా చెల్లెలి విషయమని, విచారణలో నేను కూర్చోనని. అంతకంటే ముందే నీ ఉత్తరం అధ్యక్షులకి చేరితే మంచిది. నేను చెప్పకముందే నువ్వు చెప్పు. ఫోను చేయకు. నీ గొంతు వింటే నేను మెత్తబడిపోతాను.

అక్క


ఇల్లు
జూలై 17

అక్కా,

అధ్యక్షులకి రాసేశాను. ఉన్నది ఉన్నట్టు రాశాను. ఇప్పుడు నీకు రాస్తున్నాను, అసలు ముందు నీకే రాయాల్సింది.

మిడత వాళ్ళమ్మ మా స్కూల్లోనే ఊడ్చేది. ఫిబ్రవరిలో జ్వరమొచ్చి తొమ్మిది రోజుల్లో పోయింది. తండ్రి లారీ నడుపుతాడు. బండెక్కితే మూడు వారాలు, నెల. అద్దె ఇంటివాళ్ళు ఆడపిల్ల ఒక్కతే ఉంటే మాకు బాధ్యత అని తాళం వేసుకున్నారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మార్చిలో ఒక పొద్దున్న ఆటసామాన్ల గది తలుపు తీస్తే హైజంప్ పరుపు మీద స్కూలు సంచి తలకింద పెట్టుకుని పడుకుని ఉంది. నాలుగు రోజులుగా అక్కడే ఉంటోందిట. లేచి, పరుపు దులిపి, సారీ టీచర్ అంది. నా తప్పుకి అది సారీ చెప్పినట్టు అనిపించింది అక్కా. రోజూ సాయంత్రం ఆ గదికి తాళం వేసేది నేనే, లోపల పిల్ల ఉందో లేదో చూసుకోకుండా.

ఆరోజు మా ఇంటికి తీసుకొచ్చాను. తండ్రి వచ్చినప్పుడు కూర్చోబెట్టి మాట్లాడాను. ఆయన చాలాసేపు చేతులు నలుపుకుని, మీ దగ్గరుంటే నాకు స్టీరింగు మీద చెయ్యి నిలుస్తుందమ్మా అన్నాడు. అప్పటికి అది పరిగెడుతుందని కూడా నాకు తెలీదు. నమ్ము. జూన్‌లో పిల్లల్ని ఊరికే రెండు చుట్లు తిప్పుతుంటే బయటపడింది.

నీకెందుకు చెప్పలేదంటే, చెప్తే నువ్వు పదిహేడు అంటావు. అంటే నేనేం చేయాలో తెలీదు. అబద్ధపు చిరునామా రాద్దామనుకుని కూడా కూర్చున్నాను. చెయ్యి రాలేదు, నీ పెంపకం. ఆ ఒక్క గడి వదిలేస్తే ఎవరూ చూడరనుకున్నాను. వెనక్కొచ్చాక ఆ ఒక్క మాట రాసి, కూర్చున్న కొమ్మ నేనే నరుక్కుని, తిన్నగా నీ చేతికే పంపాను. నాలాంటి తెలివితక్కువది రాష్ట్రంలో ఇంకొకతె ఉండదు.

మిడతకి చెప్పాను. దాచడం ఎలా ఉంటుందో ఇప్పుడిప్పుడే రుచి చూశాను కదా. అది అన్నీ విని, మొహం కడుక్కొచ్చి, “పరుగు ఎక్కడికీ పోదు టీచర్. ఇల్లే పోతుంది” అంది. తర్వాత నా ముందు కూర్చుని చరిత్ర పాఠం చదువుకుంది. ఒక్క పేజీ తిప్పలేదు.

దాన్ని ఎక్కడికి పంపమంటావు? ఇది ప్రశ్న కాదులే. పంపను. శిక్ష ఏదైనా వెయ్యమను, ఇల్లు మాత్రం అడగొద్దని చెప్పు. నువ్వు ఆ గదిలో కూర్చోవుగా, ఎవరికి చెప్తావు?

నా మీద కోపం పోకపోయినా ఉత్తరం రాయడం మానకు.

చెల్లి


క్రీడా మండలి కార్యాలయం, వరండా బెంచీ
ఆగస్టు 9

చెల్లికి,

ఇరవై తొమ్మిదేళ్ళలో ఈ బెంచీ మీద నేనెప్పుడూ కూర్చోలేదు. స్కూళ్ళవాళ్ళు కూర్చునే బెంచీ. ఒక కాలు పొట్టి. లోపల మండలి నీ కాగితం మీద మాట్లాడుకుంటుంటే ఇక్కడ కూర్చుని నేను ఇటు ఒరిగితే అటు లేస్తోంది. ఎంతమంది టీచర్లని ఇలా గంటలు గంటలు కూర్చోబెట్టానో తలుచుకుంటే సిగ్గేసింది. ముందు ఈ కాలు బాగు చేయించాలి.

ఇప్పుడే తలుపు తీశారు. ఆర్డరు విడిగా వస్తుంది, సంగతి ఇది. తప్పుడు మాట రాసినందుకు నీకు మందలింపు. నీ అంతట నువ్వే ఒప్పుకున్నావు కనుక స్కూలుకి శిక్ష లేదు. పదిహేడు మాత్రం పదిహేడే. మినహాయింపు ఇచ్చే అధికారం మండలికి లేదు, అది స్కూళ్ళన్నీ ఓటేసి పెట్టుకున్న నిబంధన. మార్చాలన్నా ఏప్రిల్ సమావేశంలో స్కూలుకో ఓటు చొప్పున వాళ్ళే మార్చాలి. పిల్ల పరిగెత్తాలంటే ఇల్లన్నా మారాలి, నేర్పే మనిషన్నా మారాలి అన్నారట అధ్యక్షులు. పదిహేను రోజుల్లో ఏదో ఒకటి రాసి పంపమన్నారు.

చెల్లీ, ఆ వాక్యం రాసేటప్పుడు నా కళ్ళముందు రేకుల షెడ్డులో పిల్లలే ఉన్నారు. హైజంప్ పరుపు మీద పడుకున్న పిల్ల లేదు. వాక్యం తప్పని ఇప్పటికీ అనను. తీసేస్తే రేపే పది షెడ్లు లేస్తాయి. కానీ నా చేత్తో గీసిన గీత తిన్నగా వచ్చి నీ గుమ్మం మీదే పడింది. రాత్రింబగళ్ళు అదే ఆలోచన. నన్ను క్షమించు. అక్కగా అడుగుతున్నాను, ఆఫీసు వేరు.

కోపం ఎప్పుడో పోయింది. నీ ఉత్తరంలో పరుపు దులిపిందన్న చోటే పోయింది. ఆ పిల్లకి బూట్లు కొని పంపాలనుంది. కానీ మండలి ఉద్యోగులు ఆటగాళ్ళకి ఏ వస్తువూ ఇవ్వకూడదు, అది పన్నెండో నిబంధన. అదీ నేనే రాశాను. మీ బావ పడీ పడీ నవ్వుతున్నారు.

అక్క


ఇల్లు, వెనక గది
సెప్టెంబరు 21

అక్కకి,

నేను విజిలు ఇచ్చేశాను. ఆర్డరు రాగానే రాసి పంపాను, ఈ ఏడంతా మా స్కూల్లో ఆటలు నేర్పేది డ్రాయింగు మాస్టారని. మాటలు రాక నీకు ఇన్నాళ్ళు రాయలేదు. నాకు ఈ ఏడు హాజరు పట్టీలు, లైబ్రరీ అప్పగించారు. పుస్తకాలకి అట్టలు వేస్తున్నాను. వంకరగా వస్తున్నాయి.

మిడత మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగోరోజు బుంగమూతి పెట్టుకుని, నా కోసం మీరు మైదానం వదిలేస్తారా అని అడిగింది. నీ మాటే నీకు చెప్తున్నాను, మైదానం ఎక్కడికీ పోదు అని దానితో అన్నాను. చాలా ధైర్యంగా అన్నాను కానీ అక్కా, మొదటి వారం సాయంత్రం నాలుగింటికి ఇంట్లో కూర్చుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ వేళకి నా మెళ్ళో విజిలుండేది. గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చేసేదాన్ని.

డ్రాయింగు మాస్టారు మంచి మనిషి. సున్నపు గీతలు ఎంత అందంగా గీస్తాడంటే పిల్లలు తొక్కడానికి మొహమాటపడుతున్నారు. స్టాప్‌వాచీ మాత్రం మొదటిరోజు తిరగేసి పట్టుకుని, పిల్ల గమ్యం దాటాక నొక్కి అప్పుడు లెక్క మొదలెట్టాడట. ఇంట్లో మేమిద్దరం ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. గుమ్మం లోపల పరుగు మాట ఎత్తకూడదు. నేను నేర్పకూడదన్నది నిబంధన కనుక నేర్పను. అది రెండో చుట్టులో మరీ ముందుగా తల వంచుతోందని మాస్టారి మాటల్లో నాకు అర్థమైంది. నోటిదాకా వచ్చింది. లేచి వెళ్ళి బట్టలు మడతపెట్టుకున్నాను.

జోన్‌లో గెలిచింది. జిల్లాలో రెండోది. డిసెంబరులో రాష్ట్రస్థాయి. గ్యాలరీలో కూర్చుని చూడ్డానికి నాకు హక్కుందట, మీసాలాయన ఉత్తరంలో రాశారు. అంతమందిలో ఒక్కదాన్నే ఎలా కూర్చోను? వస్తావా?

చెల్లి


క్రీడా మండలి కార్యాలయం
నవంబరు 28

చెల్లికి,

వస్తున్నాను. ఏటా ఆ పోటీలకి వెళ్తూనే ఉన్నాను కానీ ఎప్పుడూ బల్ల వెనకే కూర్చున్నాను, తల వంచుకుని నంబర్లు సరిచూస్తూ. ఒక్క పరుగు మొదటినుంచి చివరిదాకా చూసిన పాపాన పోలేదు. ఈసారి మీ స్కూలు ఉంది కనుక ఎనిమిదొందల మీటర్ల బల్ల నాకొద్దని రాసిచ్చాను. తూర్పు గ్యాలరీ, మూడో వరస. ఎండ పడుతుంది, గొడుగు తెస్తాను. నువ్వు అరిచి నా పరువు తీయకు.

అక్క


ఇల్లు
డిసెంబరు 17

అక్కకి,

ఎవరు ఎవరి పరువు తీశారు?

నేను పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. రెండో చుట్టు సగంలో అది తల వంచగానే పక్కన ఎవరో లేచి నిలబడి, గొడుగు ఊపుతూ, పరిగెత్తవే తల్లీ పరిగెత్తవే అని కేకలు. ఎవరా అని చూస్తే మండలి అర్హతల అధికారి. గొడుగు ఊచలు రెండు విరిగాయి. ముందు వరసలో పెద్దాయన టోపీ ఎగిరిపోయింది. ఆయనకి క్షమాపణ చెప్పింది నేను.

నాలుగోదిగా వచ్చింది. పతకం లేదు. అది నాలుగో స్థానం కాయితం పట్టుకుని గ్యాలరీ మెట్లెక్కి వచ్చి, మనిద్దర్నీ చూసి, మొదట నీకే చూపించింది. ఎందుకని తర్వాత దాన్ని అడిగాను. “ఆవిడ ఏడుస్తున్నారు టీచర్, మీరు నవ్వుతున్నారు. అందుకని” అంది. నేను నవ్వానా అక్కా? నాకు గుర్తులేదు.

మనం చిన్నప్పుడు గోడ మీద కూర్చున్నట్టు ఒకరి పక్కన ఒకరం ఏ పనీ లేకుండా కూర్చుని ఎన్నేళ్ళయింది? బస్సులో మిడత నా భుజం మీద నిద్రపోయింది. చెయ్యి తిమ్మిరెక్కినా కదల్చలేదు.

నీ గొడుగు ఇక్కడే ఉంది. బాగు చేయిస్తాను.

చెల్లి


క్రీడా మండలి కార్యాలయం, రెండో అంతస్తు
జూలై 6

చెల్లికి,

మళ్ళీ ఫారాల నెల. బెంచీ కాలు బాగు చేయించాను.

ఏప్రిల్‌లో మీ హెడ్మిస్ట్రెస్ పెట్టిన సవరణ పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయినప్పుడు నీకు ధైర్యం చెప్పాలని ఏదో రాసి చింపేశాను. తల్లో తండ్రో లేక, స్కూలుకి ముందే తెలియజేసి టీచరు దగ్గరుండే పిల్లలకి పదిహేడు నుంచి మినహాయింపు ఇవ్వాలని ఆవిడ అడిగింది న్యాయమే. కానీ పెద్దస్కూళ్ళు ఒంటికాలి మీద లేచాయి. వచ్చే ఏప్రిల్‌లో మళ్ళీ పెడుతుందట. ఓట్లు లెక్కపెట్టేది నేనే కనుక నేనెటువైపో చెప్పకూడదు. నీకు తెలుసులే.

ఈ ఏడు కూడా విజిలు డ్రాయింగు మాస్టారికే ఇచ్చావని మీ స్కూలు కాగితంలో ఉందిట. స్టాప్‌వాచీ తిన్నగా పట్టుకుంటున్నాడని ఆశిస్తాను.

అసలు సంగతి. నిన్న మీ స్కూలు ఫారాలు వచ్చాయి. పదో తరగతి నుంచి పిల్లలే సొంతంగా నింపాలి కదా. మీసాలాయన ఒక ఫారం పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చి, ఈ మాట మన పట్టికలో లేదమ్మా అన్నారు. తల్లి, తండ్రి, తాత, అవ్వ, బంధువు, సంరక్షకులు, ఈ ఆరే ఒప్పుకోవాలి. నేను తల ఎత్తలేదు. మీ స్కూలు కాగితం కనుక చూడకూడదు, చెప్పకూడదు అన్నాను. ఆయన అటు తిరిగి, నాకు కాదు, కిటికీకి చెప్తున్నట్టు చదివారు. చిరునామా చదివారు, అది నాకు కంఠతా వచ్చు. తర్వాత ‘ఇంటి పెద్దతో సంబంధం’ అని చదివి ఆగారు.

“ఆవిడది, నాది ఒకే ఇల్లు” అని రాసిందట. గడి చాలక రెండో వరస కింద గీత మీదికి వెళ్ళిందట.

దాని మీద ఏం చెప్పడానికీ నాకు అధికారం లేదు. ఆయన తన బల్ల దగ్గరికి వెళ్ళారు. ఈయన వెనక్కి పంపేస్తారు, నిబంధన ప్రకారం పంపాలి కూడా, అనుకుంటూ నేను ఒకే ఫారాన్ని మూడుసార్లు చదివాను. తర్వాత ముద్ర పడిన చప్పుడు వినిపించింది. పట్టికలో లేని మాట కదండీ అని అడగబోయి మానేశాను. ఆయనే అన్నారు, గడి ఖాళీగా ఉంటేనే కదమ్మా వెనక్కి పంపమన్నారు మీరు, ఇది నిండుగా ఉంది అని.

ఈసారి మీ స్కూలు ఫారాలేవీ వెనక్కి రావు.

ఇద్దరికీ,
అక్క